ప్రశ్నలు – జవాబులు: తేదీని తెలుగు లెక్కల్లో చూపే చిన్న ప్రోగ్రాం

ప్రశ్న: నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. పైథాన్ కొంతవరకు వచ్చు. టెర్మినల్‌లో ఒక కమాండ్ కొట్టగానే ఆ రోజు తేదీని గోడ క్యాలెండర్‌లో సాధారణంగా కనిపించని పద్ధతుల్లో చూపే చిన్న ప్రోగ్రాం రాద్దామనుకుంటున్నాను. తెలుగు సంవత్సరం పేరు, శక తేదీ, నడుస్తున్న కార్తె, కలియుగం మొదలై ఎన్ని రోజులైందన్న లెక్క వరుసగా రావాలి. మా తాతగారు వ్యవసాయం సంగతి ఎత్తితే నెలలు చెప్పరు, కార్తెలే చెబుతారు. ఆయనకు అర్థమయ్యేలా ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? లైబ్రరీ ఏదైనా దించుకోవాలా, సొంతంగా రాయవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: సొంతంగానే రాయండి. మీరు అడిగిన నాలుగింటిలో రెండు కూడికలు, తీసివేతలతోనే తేలిపోతాయి. మిగిలిన రెండింటికి రెండు చిన్న పట్టికలు చాలు. ఈమాత్రం పనికి లైబ్రరీ దించుకుంటే, అది ఏ పద్ధతిలో లెక్క కట్టిందో తెలియదు కనుక, తప్పు వచ్చిన రోజున అది ఎక్కడ వచ్చిందో పట్టుకోలేరు. అయితే కీబోర్డు ముందు కూర్చునేలోపు ఒక విషయం తేల్చుకోవాలి. ఈ నాలుగింటిలో ఏవి నియమం మీద నడుస్తాయి, ఏవి ఆకాశం మీద నడుస్తాయి? శక తేదీ ప్రభుత్వం పెట్టిన నియమం. కలి దినాలు ఉత్త లెక్కింపు. తెలుగు సంవత్సరం ఉగాదితో మారుతుంది, ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది. కార్తె సూర్యుడు ఏ నక్షత్రంలో ప్రవేశించాడన్నదాన్ని బట్టి మారుతుంది. మొదటి రకానికి సూత్రం రాయండి, రెండో రకానికి పంచాంగం చూసి పట్టిక రాసుకోండి. ఉగాదికి కూడా ఏదో ఒక సులువు సూత్రం దొరక్కపోతుందా అని వెతకడం మొదలుపెడితే ప్రోగ్రాం పూర్తికాదు, పూర్తయినా నమ్మదగ్గది కాదు.

తేదీని ముందుగా ఒకే ఒక పూర్ణసంఖ్యగా మార్చుకోవడం ఈ పనికంతటికీ పునాది. పైథాన్‌లో తేదీకి ఉండే టుఆర్డినల్ అనే పద్ధతి క్రీస్తు శకం 1వ సంవత్సరం జనవరి 1ని ఒకటిగా పెట్టుకొని రోజులను లెక్కిస్తుంది; దాన్ని రోజుసంఖ్య అందాం. దానికి 1721425 కలిపితే ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే జూలియన్ దినసంఖ్య వస్తుంది. జోసెఫ్ స్కాలిజర్ 1583లో ప్రతిపాదించిన కాలచక్రం ఆధారంగా, క్రీస్తుపూర్వం 4713 జనవరి 1 మధ్యాహ్నం నుంచి మొదలయ్యే లెక్క ఇది. ఈ లెక్కలో 2000 జనవరి 1 సంఖ్య 2451545. ఇందులోంచి 588466 తీసివేస్తే కలి దినాలు, అంటే మన సిద్ధాంత గ్రంథాల్లోని అహర్గణం వస్తుంది. కలియుగం క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18న, శుక్రవారం మొదలైందన్నది సంప్రదాయం. రెండు అడుగులను కలిపివేస్తే ప్రోగ్రాంలో ఉండేది ఈ ఒక్క వరుసే:

కలిదినాలు = రోజుసంఖ్య + 1132959

పేర్లు తెలుగులో ఉన్నాయని సందేహించకండి; పైథాన్ మూడో తరం తెలుగు లిపిలోని చరరాశుల పేర్లను అలాగే ఒప్పుకుంటుంది.

ఈ లెక్కను సరిచూసుకొనే ఉపాయం సిద్ధాంతుల కాలంనుంచీ ఉన్నదే. కలి దినాలను ఏడుతో భాగిస్తే శేషం వారాన్ని చెప్పాలి: సున్నా వస్తే శుక్రవారం, ఒకటి వస్తే శనివారం, అలా ఆరు వస్తే గురువారం. (మీ ఇంట్లో లక్ష్మివారం అనే అలవాటుంటే జాబితాలో అదే రాయండి, తాతగారికి బాగుంటుంది.) 1947 ఆగస్టు 15ను తీసుకోండి. దాని రోజుసంఖ్య 710988, కలి దినాలు 1843947. దీన్ని ఏడుతో భాగిస్తే శేషం లేకుండా పోతుంది. ఆ రోజు శుక్రవారం. ఎక్కడైనా ఒక రోజు అటూఇటూ అయితే వారం వెంటనే తప్పుతుంది కనుక, ఇంతకంటే తేలికైన పరీక్ష మరొకటి లేదు. తొలిరోజును సున్నా అనాలా, ఒకటి అనాలా అన్న తేడాతో కొన్ని పుస్తకాల్లో అహర్గణం ఒకటి ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి మీ సూత్రాన్ని మార్చవద్దు.

శక తేదీకి వద్దాం. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం సిఫార్సు మీద ఈ జాతీయ క్యాలెండర్‌ను 1957 మార్చి 22 నుంచి అమలుచేశారు; ఆ రోజు శక 1879 చైత్రం 1. మామూలు సంవత్సరంలో చైత్రం మార్చి 22న మొదలై 30 రోజులుంటుంది. లీపు సంవత్సరంలో మార్చి 21న మొదలై 31 రోజులుంటుంది. తరవాతి అయిదు నెలలకు, అంటే వైశాఖం నుంచి భాద్రపదం వరకు, 31 రోజుల చొప్పున. మిగిలిన ఆరింటికి 30 రోజుల చొప్పున. చైత్రారంభం నుంచి గడిచిన రోజులను ఒక్కొక్క నెలా తీసివేసుకుంటూ పోతే, ఎక్కడ ఆగితే అదే నెల. చైత్రం వచ్చాక ఇంగ్లీషు సంవత్సరంలోంచి 78, రాకముందు 79 తీసివేయాలి. 1947 ఆగస్టు 15 ఈ లెక్కన శక 1869 శ్రావణం 24 కావాలి. 1957లో అమల్లోకి వచ్చిన క్యాలెండర్‌ను 1947కు అన్వయించడం వెనక్కి సాగదీయడమే అయినా, ప్రోగ్రాంకు పరీక్షగా పనికివస్తుంది.

ఇక్కడే మీ తాతగారు ఒక అభ్యంతరం చెబుతారు, దానికి సిద్ధంగా ఉండండి. జాతీయ క్యాలెండర్‌లోని చైత్రమూ పంచాంగంలోని చైత్రమూ ఒకటి కావు. 2025 మార్చి 25ను చూడండి: జాతీయ క్యాలెండర్ ప్రకారం అది శక 1947 చైత్రం 4. పంచాంగం ప్రకారం అది ఇంకా క్రోధి నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం, శాలివాహన శకం 1946. ఉగాది అయిదు రోజుల తరవాత, మార్చి 30న వచ్చింది. రెండూ సరైనవే. కాబట్టి తెరమీద ఉత్త ‘చైత్రం’ అని వదిలేయకుండా, ‘జాతీయ శక తేదీ’ అని వరుస మొదట్లో పూర్తిగా రాయండి.

తెలుగు సంవత్సరం పేరుకు అరవై పేర్ల జాబితా కావాలి. ప్రభవ 1987 ఉగాదితో మొదలైంది. దక్షిణాదిన ఏ సంవత్సరాన్నీ దాటవేయరు కనుక, ఉగాది దాటిన తేదీకైతే ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1987 తీసివేసి, అరవైతో భాగించిన శేషమే జాబితాలో స్థానం, సున్నా నుంచి లెక్కిస్తే. 2025కు శేషం 38, అంటే ముప్పైతొమ్మిదో పేరు, విశ్వావసు. ఉగాది దాటకపోతే ఒక సంవత్సరం వెనక్కి వెళ్ళాలి. జనవరి, ఫిబ్రవరి నెలలకు ఎప్పుడూ పాత పేరే, మే నుంచి ఎప్పుడూ కొత్త పేరే. సంశయమంతా మార్చి, ఏప్రిల్ నెలలది. ఆ రెండు నెలల కోసం ఉగాది పట్టిక పెట్టుకోవాలి: 2020లో మార్చి 25, 2021లో ఏప్రిల్ 13, 2022లో ఏప్రిల్ 2, 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఈ వరుసను ఒకసారి చదివితే సూత్రం కోసం ఎందుకు వెతకవద్దన్నానో తెలుస్తుంది. పట్టికలో లేని సంవత్సరం మార్చి, ఏప్రిల్ తేదీ ఎవరైనా అడిగితే, ఊహించి ఒక పేరు చెప్పేకంటే ‘ఉగాది తేదీ పట్టికలో లేదు’ అని చెప్పడం మేలు.

1987కు ముందటి తేదీలకు ఒక చిక్కుంది. 1947లోంచి 1987 తీసివేస్తే ఋణసంఖ్య వస్తుంది. పైథాన్ దాన్ని అరవైతో భాగించి శేషం 20 అంటుంది. జాబితాలో ఇరవైఒకటో పేరు సర్వజిత్తు, అది సరైనదే. ఇదే వరుసను సీ లోనో జావా లోనో రాస్తే శేషం –40 వస్తుంది, ప్రోగ్రాం పడిపోతుంది లేదా చెత్త చూపిస్తుంది. మీ ప్రోగ్రాంను రేపు ఎవరైనా మరో భాషలోకి మారిస్తే ఇబ్బంది పడకుండా, శేషానికి అరవై కలిపి మళ్ళీ అరవైతో భాగించే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

ఇక మిగిలినవి కార్తెలు. నా దృష్టిలో మీ ప్రోగ్రాంకు ప్రాణం ఇదే. డెల్టాలో ఆకుమడి ఎప్పుడు పోయాలి, ఊడ్పులు ఎప్పటికి ముగియాలి అన్న మాటలు ఇప్పటికీ రోహిణి, మృగశిర, ఆరుద్రల మీదే నడుస్తాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత తెలియని ఇల్లు ఉండదు. సూర్యుడు ఇరవైఏడు నక్షత్రాలను ఏడాదిలో చుట్టివస్తాడు కనుక ఒక్కో కార్తె సగటున పదమూడున్నర రోజులు. ఇప్పటి కాలంలో రోహిణి సుమారు మే 25న, మృగశిర జూన్ 8న, ఆరుద్ర జూన్ 22న, పునర్వసు జూలై 6న, పుష్యమి జూలై 20న, ఆశ్లేష ఆగస్టు 3న, మఖ ఆగస్టు 17న వస్తాయి. సంవత్సరాన్ని బట్టి ఒక రోజు ముందో వెనకో అవుతుంది. మిగిలినవి ఏ పంచాంగంలోనైనా దొరుకుతాయి.

ఇరవైఏడు ‘అయితే–లేకపోతే’ వరుసలు రాయకండి. నెల, రోజు కలిపిన జతలను జనవరి నుంచి డిసెంబరు వరకు వరుసగా ఒక జాబితాలో పెట్టి, పైథాన్‌తోపాటే వచ్చే బైసెక్ట్ మాడ్యూల్‌తో మీ తేదీ ఎక్కడ ఇముడుతుందో అడగండి. వచ్చిన స్థానంలోంచి ఒకటి తీసివేస్తే నడుస్తున్న కార్తె వస్తుంది. జనవరి మొదటి పది రోజుల సంగతి తమాషాగా ఉంటుంది. జాబితాలో మొదటిది సుమారు జనవరి 11న వచ్చే ఉత్తరాషాఢ. జనవరి 5ను అడిగితే బైసెక్ట్ సున్నా అంటుంది, ఒకటి తీసివేస్తే –1 అవుతుంది. పైథాన్‌లో జాబితా –1వ స్థానం అంటే చివరిది. చివరిది డిసెంబరు ఆఖరులో మొదలైన పూర్వాషాఢ, ఆ రోజున నిజంగా నడుస్తున్న కార్తె కూడా అదే. మనం ఏ ప్రత్యేక ఏర్పాటూ చేయకుండానే ఏడాది మలుపు సరిపోయింది. దాని పక్కన ఒక వ్యాఖ్య మాత్రం రాసి ఉంచండి, లేకపోతే తరవాత చదివినవారు తప్పనుకొని సరిచేస్తారు.

పట్టిక కదలదు కాని కార్తెలు కదులుతాయి. నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు ఇరవై నిమిషాలు పెద్దది, అందువల్ల డెబ్బైరెండేళ్ళకు ఒక రోజు చొప్పున కార్తెలు తరవాతి తేదీలకు జరుగుతూ పోతాయి. సంక్రాంతి జనవరి 14న కాకుండా 15న వచ్చే సంవత్సరాలు పెరుగుతున్నది కూడా ఇందుకే. తాతగారి చిన్ననాటి తేదీలకు మీ పట్టిక ఒక రోజు తేడా చూపవచ్చు. కార్తె మారే రోజుకు ఒక రోజు అటూఇటూ ఉన్న తేదీకి ‘రోహిణి – మృగశిర’ అని రెండు పేర్లూ చూపించమని నా సలహా. రైతుకు దానివల్ల నష్టమేమీ లేదు, మీ ప్రోగ్రాం అబద్ధమూ చెప్పదు.

చివరగా ‘ఈరోజు’ అంటే ఏమిటో ప్రోగ్రాంకు స్పష్టంగా చెప్పాలి. కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను గ్రీనిచ్ లెక్కన దాచుకుంటాయి. ఆ సెకన్లను నేరుగా 86400తో భాగించి రోజు కడితే, తెల్లవారుజామున అయిదున్నర దాకా మీ తెరమీద నిన్నటి తేదీయే కనిపిస్తుంది. పగలంతా సరిగ్గా ఉండి తెల్లవారుజామునే తప్పే ప్రోగ్రాంలో లోపం వెతకడం ఎంత విసుగో చెప్పనక్కరలేదు. అయిదున్నర గంటల తేడాను ముందే కలుపుకోండి. పంచాంగం రోజు సూర్యోదయంతో మొదలవుతుందన్నది మరో సంగతి; రాత్రి మూడు గంటలకు మీ ప్రోగ్రాం శనివారం అంటే తాతగారు ఇంకా శుక్రవారమే అనవచ్చు. దాన్ని మాత్రం అలాగే వదిలేయండి.

ప్రశ్న: మా డీటీపీ సెంటర్ పనికోసం తేదీలను తెలుగు అంకెల్లో వరుసలుగా అచ్చువేసే ప్రోగ్రాం రాసుకున్నాను. అంకెలు వస్తున్నాయి కాని, సంవత్సరాల పేర్లు పక్కన పెడితే నిలువు వరుసలు వంకరటింకరగా పోతున్నాయి. ఫలితాన్ని ఫైల్‌లోకి పంపితే విండోస్‌లో ఏకంగా ఆగిపోతోంది.
— డీటీపీ నిర్వాహకుడు, పాలకొల్లు

జవాబు: యూనికోడ్‌లో తెలుగు సున్నా స్థానం 3174, తొమ్మిది స్థానం 3183. మామూలు అంకెకు 3174 కలిపి అక్షరంగా మారిస్తే ౧౯౪౭ వస్తుంది. ఇది మీరు చేసే ఉంటారు. దీనికి తిరుగు పని ఇంకా సులువు: ౧౯౪౭ అన్న పాఠాన్ని పైథాన్‌లోని ఇంట్ అనే ఫంక్షన్‌కు ఇస్తే నేరుగా 1947 ఇస్తుంది. ప్రోగ్రాం లోపల సంఖ్యలను తెలుగు అంకెల్లో రాస్తే మాత్రం ఒప్పుకోదు.

వరుసల వంకరకు కారణం, కంప్యూటర్ లెక్కించేది మనం చూసే అక్షరాలను కాకపోవడం. విశ్వావసు అన్న మాటలో మనకు నాలుగు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో తొమ్మిది: వకారం, గుడి, శకారం, పొల్లు, వకారం, దీర్ఘం, వకారం, సకారం, కొమ్ము. క్రోధి మనకు రెండు, దానికి ఆరు. పన్నెండు గడులకు సరిపడా ఖాళీలు నింపమంటే మొదటిదానికి మూడు, రెండోదానికి ఆరు నింపుతుంది. తెరమీద ఆ మాటలు ఆక్రమించే వెడల్పుకు ఆ లెక్కతో పొత్తు ఉండదు. పైగా టెర్మినల్ అన్ని అక్షరాలకూ సమానమైన గడి ఇవ్వాలని చూస్తుంది, తెలుగు వత్తులు అందులో ఇమడవు. అక్షర సమూహాలను లెక్కించే మార్గాలు ఉన్నాయి కాని, వాటితో కూడా టెర్మినల్‌ను బట్టి, ఫాంట్‌ను బట్టి ఫలితం మారుతుంది. అంకెలను ఎడమవైపు, తెలుగు పేరును వరుస చివర పెట్టండి. దాని తరవాత ఏమీ లేనప్పుడు వంకర కనిపించదు. అచ్చుకు పంపేటప్పుడైతే ట్యాబ్ పెట్టి, పేజీ కట్టే సాఫ్ట్‌వేర్‌కే ఆ పని వదిలేయండి.

ఫైల్‌లోకి పంపినప్పుడు ఆగిపోవడానికి విండోస్ పాత సంకేత పద్ధతిని ఎంచుకోవడం కారణం. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1గా పెడితే సర్దుకుంటుంది. మరో మాట: చరరాశుల పేర్లు కూడా తెలుగులో పెట్టే ఉద్దేశం ఉంటే, పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు చొప్పించే కనిపించని అక్షరం వాటిలో రాకుండా చూడండి. ‘క్యాలెండర్‌లో’ లాంటి మాటలో అది ఉంటుంది. పైథాన్ దాన్ని పేరులో ఒప్పుకోదు; కంటికి ఏమీ కనిపించదు కనుక తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకోవాలి.

ప్రశ్న: రొయ్యల చెరువుల పనిలో అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే మోల్టింగ్ (రొయ్యలు పెంకు విడవడం) గురించి జాగ్రత్తపడతాము. రోజూ ఉదయం కంప్యూటర్‌లో తిథి చూపే చిన్న ప్రోగ్రాం కావాలి. సగటు లెక్కతో సరిపోతుందా?
— రొయ్యల రైతు, భీమవరం మండలం

జవాబు: మీ అవసరానికి సరిపోతుంది, తిథికి సరిపోదు. అమావాస్యనుంచి అమావాస్యకు సగటున 29.530588 రోజులు. మన కాలమానం ప్రకారం 2000 జనవరి 6 రాత్రి 11 గంటల 44 నిమిషాలకు అమావాస్య అయింది. ఆ క్షణం నుంచి గడిచిన రోజులను 29.530588తో భాగించి శేషం చూస్తే చంద్రుడి వయసు తెలుస్తుంది: సున్నా దగ్గర అమావాస్య, పద్నాలుగూ ముప్పాతిక దగ్గర పౌర్ణమి. కాని చంద్రుడు ఒకే వేగంతో నడవడు. అసలు అమావాస్య ఈ సగటుకు పద్నాలుగు గంటల దాకా ముందో వెనకో పడవచ్చు. చెరువు దగ్గర మీరు ఒక రోజు ముందునుంచీ జాగ్రత్తలో ఉంటారు కనుక, వయసు 28 దాటినప్పుడు, 13 దాటినప్పుడు హెచ్చరించేలా రాసుకుంటే చాలు.

తిథి అలా కాదు. సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. దాని నిడివి ఒక్కోసారి పందొమ్మిది గంటలకు తగ్గుతుంది, ఒక్కోసారి ఇరవైఆరు గంటలు దాటుతుంది. సగటు లెక్కలోని పొరపాటే సగం రోజుకు మించుతున్నప్పుడు, దాని ఆధారంగా తద్దినం పెట్టుకోవడం కుదరదు. అసలు తిథే కావాలంటే గ్రహాల స్థానాలు లెక్కించే స్కైఫీల్డ్ వంటి పైథాన్ లైబ్రరీ తప్పదు. అమలాపురం ప్రశ్నలో వద్దన్న లైబ్రరీ ఇక్కడ కావాలి. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు తిథి అదే కనుక మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు కూడా ఇవ్వాలి. గడియారం సవరణ మనకు పెద్దగా ఉండదు. దేశమంతటి గడియారానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ కాకినాడకు కాస్త తూర్పున సముద్రంలో పోతుంది. భీమవరానికి తేడా నాలుగు నిమిషాలే.

ప్రశ్న: లినక్స్‌లో 1752 సెప్టెంబరు క్యాలెండర్ అడిగితే రెండో తేదీ తరవాత పద్నాలుగు వస్తోంది. ఇది లోపమా? పాత ఈస్టిండియా కంపెనీ ఉత్తరాల తేదీలను మార్చుకునే ప్రోగ్రాం రాయాలంటే ఏం చూసుకోవాలి?
— విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

జవాబు: లోపం కాదండీ. ఇంగ్లండు జూలియన్ క్యాలెండర్ వదిలి గ్రెగోరియన్ పద్ధతిలోకి వచ్చినప్పుడు 3 నుంచి 13 వరకు పదకొండు తేదీలను ఎత్తివేసింది. క్యాల్ కమాండ్ దాన్నే చూపుతోంది. ఫ్రాన్సు ఆ మార్పు 1582లోనే చేసుకుంది. కాబట్టి 18వ శతాబ్దపు తొలి సగంలో యానాంలోని ఫ్రెంచివారూ, ఆ పక్కనే ఇంజరంలోని ఇంగ్లీషువారూ ఒకే రోజున రాసుకున్న చిట్టాల్లో తేదీలు పదకొండు రోజుల తేడాతో ఉండవలసిందే. ఇంగ్లీషువారి జూలై 14 ఫ్రెంచివారికి జూలై 25. వారం మాత్రం ఇద్దరికీ ఒకటే, సరిచూసుకోవడానికి అదే ఆధారం.

పైథాన్ గ్రెగోరియన్ నియమాన్నే క్రీస్తు శకం 1 దాకా వెనక్కి లాగుతుంది, 1752 సంగతి దానికి పట్టదు. ఇంగ్లీషు తేదీ 1700 మార్చి 1 నుంచి 1752 సెప్టెంబరు 2 లోపలిదైతే పదకొండు రోజులు, దానికి ముందు 17వ శతాబ్దానిదైతే పది రోజులు కలపండి. అంతకంటే ముఖ్యమైనది సంవత్సరం: అప్పటి ఇంగ్లండులో చట్టరీత్యా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1740 అని ఉత్తరం మీద ఉంటే మన లెక్కలో అది 1741 కావచ్చు. కొందరు 1740–41 అని రెండూ రాసేవారు. మీ ప్రోగ్రాం ఆ జంట సంవత్సరాన్ని కూడా తీసుకోగలగాలి. ధవళేశ్వరం ఆనకట్ట కాలానికి, అంటే 1847–52కు, వచ్చేసరికి ఈ గొడవ ఏదీ లేదు.

ప్రశ్న: ఇలాంటి విచిత్రమైన తేదీల ప్రోగ్రాములు ఇదివరకు ఎవరైనా రాశారా? కమాండ్‌కు తేదీ ఎలా ఇవ్వాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: రాశారు. డీడేట్ అన్నది చాలాకాలం యుటిల్–లినక్స్ పొట్లంలోనే ఉండేది. సరదాకు పుట్టిన డిస్కార్డియన్ క్యాలెండర్ ప్రకారం ఏడాదిని 73 రోజుల అయిదు ఋతువులుగా, వారాన్ని అయిదు రోజులుగా విడగొట్టి, మన సంవత్సరానికి 1166 కలిపి చూపుతుంది. ఫిబ్రవరి 29ని ఏ వారంలోనూ కలపకుండా పక్కన పెడుతుంది. నవ్వుకోవడానికి రాసినదే అయినా, లీపు రోజును అది సర్దిన తీరు నేర్చుకోదగ్గది.

తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలోనే తీసుకోండి: 2025-04-03. ముందు రోజు రాసే మన అలవాటును ఒప్పుకుంటే 03-04-2025 ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా అన్న తగువు వస్తుంది. తేదీ ఇవ్వకపోతే ఈరోజు. ఫిబ్రవరి 30 లాంటిది ఇస్తే సందేశాన్ని ఎర్రర్ దారిలో పంపి, ప్రోగ్రాం సున్నా కాని సంఖ్యతో ముగియాలి. అప్పుడే దాన్ని వేరే స్క్రిప్టులో వాడుకునేవారికి ఆ తప్పు తెలుస్తుంది.